ఏకు మాది

"తురకల్లేని ఊళ్లో దూదేకులోడే ముల్లా."

ఈ సామెత మాకెవరూ నేర్పలేదు. వింటూ పెరిగాం. బళ్లో విన్నాం. బజార్లో విన్నాం. మసీదు అరుగు మీద కూడా విన్నాం. తెలుగోళ్లు నవ్వుతూ అన్నారు. ఉర్దూ మాట్లాడే మా సాయిబులూ నవ్వుతూనే అన్నారు. మతాలు వేరైనా ఆ నవ్వు మాత్రం ఒకటే. ఆ నవ్వులో మేం లేం. మా మీద నవ్వు అది.

మాది చీమకుర్తి. ఇప్పుడా పేరు చెబితే అందరికీ రాయి గుర్తొస్తుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు. రామతీర్థం దగ్గర భూమిని నిలువునా కోసి తీసిన రాయి ఓడలెక్కి దేశదేశాలకు పోతోంది. మేం చెప్పబోయేది ఆ రాయి సంగతి కాదు. అంతకు ముందు ఈ నల్లరేగళ్ల మీద మా వాళ్ల బతుకు నడిపిన దూది సంగతి.

మేం రెండు భాషల పిల్లలం. అబ్బా వాళ్లది ఒంగోలు. షేకులు. ఇంట్లో ఉర్దూ. అమ్మ వాళ్లది చీమకుర్తి. దూదేకులోళ్లు. ఇంట్లో తెలుగు. అబ్బా పంతులు ఉద్యోగానికి ఈ ఊరొచ్చి, అమ్మను నికా చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఆ నికాకు ఒంగోలు నుంచి ఎవరూ రాలేదు. తర్వాత రాకపోకలైతే మొదలయ్యాయి గానీ, చుట్టాలొచ్చినప్పుడు దాదీ గొంతు తగ్గించి "బహూ పింజారోంకీ హై" అనడం మానలేదు. అమ్మకు ఉర్దూ రాదనుకునేది. అమ్మకు అర్థం కాని ఉర్దూ చాలా ఉంది గానీ, ఆ ఒక్క మాట బాగానే అర్థమయ్యేది.

అబ్బా తండ్రిని దాదా అనేవాళ్లం. అమ్మ తండ్రిని తాత అనేవాళ్లం. చీమకుర్తికీ ఒంగోలుకూ మధ్య ఇరవై కిలోమీటర్లే. ఆ రెండు పిలుపుల మధ్య మాత్రం ఎంత దూరమో!

తాతకో విల్లుండేది. మనిషి కంటే పొడుగు. ఒక చివర వెడల్పాటి చెక్క, ఈ చివర నుంచి ఆ చివరికి బిగించిన పేగునారి. కొట్టడానికి చేతిలో చెక్క గుబ్బ. తెల్లవారుజామునే ఆ విల్లు భుజానేసుకుని ఊళ్ల మీదికి పోయేవాడు. వీధి మొదట్లో నిలబడి నారిని ఒక్కసారి మోగిస్తే చాలు, ఆడోళ్లు గుమ్మాల్లోకొచ్చేవాళ్లు.

"ఏం సాయిబూ, పరుపు ఏకాలి, ఎంత తీసుకుంటా?"

"మీరిచ్చేది మీరియ్యండమ్మా, పిల్ల పెళ్లికేనా?"

పెళ్లిళ్ల ముందు తాతకు తీరికుండేది కాదు. కొత్త పరుపు, రెండు దిండ్లు లేకుండా ఏ ఇంటి ఆడపిల్లా అత్తగారింటికి పోయేది కాదు. రెడ్ల ఇళ్లల్లో, కమ్మోళ్ల ఇళ్లల్లో, మాలపల్లిలో, ఎవరి పరుపైనా తాత ఏకిందే. కూలి డబ్బుల్లో కొంత, జొన్నల్లో కొంత, ఎండు మిరపకాయల్లో కొంత వచ్చేది.

ఏకడమంటే బాదడం అనుకుంటారు చాలామంది. కాదు. దూది కుప్పకు నారిని ఆనించి, ఆ నారిని గుబ్బతో కొట్టాలి. దెబ్బ నారికి. వణుకు దూదికి. ఆ వణుకుకే ముద్దలు విడిపోతాయి. గింజ పలుకులూ ఆకు నలుసులూ కిందికి రాలతాయి. పీచు పోగు పోగుగా విడివడి పైకి లేస్తుంది. ముసురు పట్టిన రోజున దూది చెమ్మగిల్లి మాట వినదు. ఆ రోజు తాత విల్లు దించేవాడు కాదు. గట్టిగా కొడితే పీచు తెగుతుంది, మెల్లగా కొడితే విడదు. ఎంత కొట్టాలో నారి మోతే చెబుతుందనేవాడు.

తాత దగ్గర నేర్చుకుందామని మేమూ ఒకసారి గుబ్బ పట్టుకున్నాం. నారి కొట్టిన ఎదురుదెబ్బకు వేలు చిట్లింది. తాత నవ్వి, గాయం మీద దూదే పెట్టాడు.

ప్రభుత్వం వారి వెనుకబడిన కులాల జాబితాలో బీ గ్రూపు తీసి చూడండి. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని వరసగా ఉంటాయి. నాలుగూ మేమే. దూదేకుల తెలుగు. లద్దాఫ్ అరబ్బీ నద్దాఫ్ నుంచి వచ్చింది. ఆ మాటకూ దూది ఏకేవాడనే అర్థం. పింజారి అన్నా అదే. నూర్‌బాష్‌కు మూలమంటున్న నూర్‌బాఫ్‌కు ఫారసీలో నేతగాడని అర్థం. పేరు ఏ భాషలో పెట్టినా మా పనే మా పేరయింది. పని గొప్పదైతే పేరూ గొప్పదవ్వాలి కదా! కాలేదు.

పేరులోనే నీచం ఉందా అంటే అదీ లేదు. అనల్‌హఖ్ అన్నందుకు 922లో బాగ్దాదులో ప్రాణాలిచ్చిన మన్సూర్ హల్లాజ్ పేరు ఎవరికి తెలియదు? హల్లాజ్ అంటే దూదేకులవాడే. మసీదుల్లో సూఫీల గురించి గొప్పగా చెప్పే పెద్దలు ఆ మాటకు అర్థం మాత్రం చెప్పరు. ఇటు చూస్తే వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య దూదేకులవాడే. ఆయన్ను భక్తితో తలచుకునే ఇళ్లల్లోనే మమ్మల్ని వాకిట్లో కూర్చోబెట్టారు. బాగ్దాదులో ఒకరు, కడప సీమలో ఒకరు. ఇద్దరూ పూజ్యులే. చీమకుర్తి దూదేకులోడు మాత్రం సామెత!

బట్ట సంగతికొద్దాం.

పత్తి నుంచి బట్ట దాకా ఎన్ని చేతులు మారాలో లెక్కబెట్టండి. రైతు పండిస్తాడు. గింజ తీయాలి. ఏకాలి. ఏకిన దూదిని పుల్లకు చుట్టి ఏకులు చేయాలి. ఆ ఏకులతో రాట్నం మీద నూలు వడకాలి. రంగు అద్దాలి. గంజి పెట్టాలి. పడుగు పేకలు కలిపి నేయాలి. ఇన్నింట్లో ఏకడం తప్పితే రాట్నం తిరగదు. ఏకని దూదిని వడికితే నూలు కాదు, చిక్కుముడి వస్తుంది.

1921 మార్చి చివర బెజవాడలో కాంగ్రెస్ పెద్దలు కూర్చుని ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించారు. ఈ కోస్తా జిల్లాల గురించి రాసిన ప్రతి పుస్తకంలోనూ ఆ మాట ఉంటుంది. అదే ఏడు చీరాల పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊళ్లు ఖాళీ చేసి పోరాడిన కథా ఉంటుంది. బళ్లో చదువుకుని మేమూ పొంగిపోయాం. పెద్దయ్యాక ఒక ప్రశ్న పుట్టింది. ఇరవై లక్షల రాట్నాలకు ఏకులెవరిస్తారు? ఆ ఏకుల దూదిని ఏకేది ఎవరు? మా ముత్తాతలు కాదూ!

గాంధీగారి ఆత్మకథలో ఖద్దరు పుట్టుక చెప్పే అధ్యాయాలున్నాయి. అందులో గంగాబెన్ పేరుంది. పత్తి బేళ్లు ఇచ్చిన పెద్దమనిషి పేరుంది. ఏకులు దొరక్క పని ఆగిపోతుంటే ఒక దూదేకులతన్ని కుదిర్చారనీ, అతను నెలకు 35 రూపాయలు అడిగాడనీ, అప్పుడది ఎక్కువనిపించలేదనీ గాంధీగారు రాశారు. అడిగిన జీతం రాశారు. అతని పేరు రాయలేదు. గాంధీగారి మీద మాకు కోపం లేదు. తర్వాత ఆయనా ఆశ్రమంలోవాళ్లూ ఏకడం నేర్చుకున్నారు. కానీ ఆ 35 రూపాయల మనిషి ఎవరో మాకు తెలుసుకోవాలనుంటుంది. మా తాత లాంటివాడే అయ్యుంటాడు. కూలి అడిగేటప్పుడు తల పక్కకు తిప్పుకుని ఉంటాడు.

తెలుగులో ఇంకో మాటుంది. ఏకై వచ్చి మేకై కూర్చున్నాడంటారు. మెత్తగా వచ్చి పాతుకుపోయిన పరాయివాణ్ణి అనే మాట. ఈ మధ్య ఆ మాట ముస్లింలందరి మీదికీ విసరడం చూస్తున్నాం. విసిరేవాళ్లకు ఏకు అంటే ఏంటో తెలుసా? ఏకు మాది. మా ఆడోళ్లు తొడ మీద పుల్ల పెట్టి చుట్టింది. మీ నాయనమ్మలు వడికింది. మీ తాతలు పంచె కట్టుకుంది. మేకు మాది కాదు.

మా పని ఎట్లా పోయిందో కూడా చెప్పాలి. ఒక్కరోజున పోలేదు. సీమ నూలు ఓడల్లో వచ్చి పడ్డ రోజుల్లో మొదటి దెబ్బ. చేతిమగ్గాలు ఎట్లాగో మిల్లు నూలుతో బతికాయి. చేతి వడుకు చచ్చింది. వడుకు చచ్చాక ఏకేవాడికి బట్టతో పనిలేదు. పరుపులకూ దిండ్లకూ దిగాడు. నేతగాడికి కష్టాలొచ్చినా నేతగాడన్న పేరు మిగిలింది. చీరాల మగ్గాల మీద ఆముదపు కాయల బూడిదా నూనే పట్టించిన నూలుతో నేసిన తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు పోయాయని నేటికీ చెప్పుకుంటారు. ఆ పని నేర్చిన పుట్టపాక రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మంచిదే. దూదేకులవాడు మాత్రం బట్ట కథలోంచే జారిపోయాడు.

రెండో దెబ్బ పత్తిదే. ఒకప్పుడు ఈ నేలన కాస్త ఎర్రడాలు తిరిగిన నాటు పత్తి పండేది. వ్యాపారస్తులు దాన్ని కోకనాడ పత్తి అనేవాళ్లు. వానకు తట్టుకునేది, మందులడిగేది కాదు. పీచు పొట్టి. మిల్లుకు పనికిరాదన్నారు. పొడుగు పీచు హైబ్రిడ్లొచ్చాయి. వాటితో పురుగుమందుల కొట్లూ అప్పులూ వచ్చాయి. 1987-88లో తెల్లదోమ తగిలి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ఆ మందే తాగి చచ్చిపోయారు. తెల్లబంగారమన్న చోటే తెల్లబట్టలు కప్పారు. 2002లో బీటీ విత్తనం వచ్చింది. నాటు పత్తి విత్తనం అడిగితే ఇప్పుడు ఊళ్లో ముసలాళ్లు కూడా జ్ఞాపకం చేసుకోవాల్సిందే.

మూడో దెబ్బ మాకు మా ఇంటి ముందే తగిలింది. కరెంటుతో ఏకే మిషన్లొచ్చాయి. వెనకాలే ఫోము పరుపులొచ్చాయి. తాత విల్లు గోడకెక్కింది. మామలిద్దరూ రాళ్ల క్వారీలో కూలికి పోయారు. అప్పటికే తాతకు దగ్గు. నలభై ఏళ్లు దూది ధూళి మింగిన దగ్గు. మిల్లు కార్మికులకు వచ్చే ఆ జబ్బుకు బిస్సినోసిస్ అని పేరుందనీ, ప్రపంచమంతా దాని మీద పుస్తకాలున్నాయనీ మాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. తాతకు తెలిసిందల్లా బెల్లం ముక్క నోట్లో వేసుకుని పడుకోవడం. దూది ధూళి తాతకు, రాతి ధూళి మామలకు. మా ఇంట ఊపిరితిత్తులది కూడా వారసత్వమే.

1997లో తాత పోయాడు. కఫన్ గుడ్డ తెచ్చారు. ఉతికిన పాలలాగా తెల్లగా ఉంది. జేజి దాని అంచు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపింది. మళ్లీ నలిపింది.

"ఇందులో దూది లేదు."

ఎవరికీ అర్థం కాలేదు.

"ఇది పాలిస్టరు. దూదేకినోణ్ణి దూది లేని గుడ్డలో పెడతారా?"

ఆలస్యమవుతుందని పెద్దమనుషులు గొణిగారు. మయ్యత్‌ను ఎక్కువసేపు ఉంచకూడదన్నారు. జేజి కదల్లేదు. జీవితంలో మొగుడి మాటకు కూడా ఎదురు చెప్పని మనిషి ఆ రోజు తలుపుకు అడ్డం కూర్చుంది. ప్రవక్త మహమ్మద్ (స) వారిని కూడా యెమెన్ నూలుగుడ్డలు మూడింటిలోనే ఖననం చేశారని అబ్బా మెల్లగా అందుకున్నాడు. దాంతో అందరూ ఊరుకున్నారు. చిన్నమామ మోటారుసైకిలు మీద ఒంగోలు పోయి చేనేత సహకార దుకాణం తెరిపించి గుడ్డ తెచ్చాడు. గరుకుగా, కాస్త పసుపుపచ్చగా ఉంది. జేజి నలిపి చూసి, తల ఊపి, పక్కకు జరిగింది.

ఒంగోలు నుంచి దాదా కూడా వచ్చాడు. ఆ ఇంటికి అదే మొదటిసారి. జనాజా నమాజులో మామల పక్కన సఫ్‌లో నిలబడ్డాడు. కుట్టు లేని మూడు గుడ్డల్లో షేకెవరో దూదేకులెవరో ఏం తెలుస్తుంది! బతికుండగా ఆ సంగతి గుర్తురాదు మనకు.

ఇక మా తప్పు.

డిగ్రీ అయ్యాక పత్రికలో చేరాం. డెస్కులో పని. ఉర్దూ వచ్చు కాబట్టి మైనారిటీ వార్తలన్నీ మాకే పడేవి. పేరు చూసి షేకులనుకున్నారు. అనుకోనిచ్చాం. రెండో పేరు చెప్పాల్సిన అవసరం రాలేదని మాకు మేం సర్దిచెప్పుకున్నాం. కాలేజీ సీటు కోసం సర్టిఫికెట్ మీద దూదేకుల అని రాయించుకున్నవాళ్లం, ఆఫీసులో ఆ కాగితం మడిచి పెట్టేశాం. 2007లో మిగతా పేద ముస్లింలకు బీసీ-ఈ కింద నాలుగు శాతం ఇచ్చినప్పుడు, అందులో కులాలెక్కడివని వాదించిన పెద్దల వ్యాసాలను కూడా మేమే దిద్ది పేజీలో పెట్టాం. ముస్లింలలో కులం లేదని వాళ్లు రాస్తుంటే మాకు దాదీ గొంతు వినిపించేది.

ఒక ఎన్నికల సీజన్లో ఒక నాయకుడు సభలో ఎదుటి పక్షం వాణ్ణి "పింజారీ" అని తిట్టాడు. కాపీ మా టేబుల్ మీదికొచ్చింది. విలేకరి "పింజారి" అని రాశాడు. మేం దీర్ఘం సరిచేశాం. అంతే. దీర్ఘం సరిచేసి అచ్చుకు పంపాం. హెడ్డింగులోనూ అదే మాట.

మర్నాడు అమ్మ పేపరు చదివింది. అమ్మ ప్రతి అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. చదివి, మడిచి, చాప కింద పెట్టింది. మమ్మల్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

పనికిమాలినవాడని తిట్టడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయి? వాటిలో పరుపు ఏకిన మనిషి పేరే ఎందుకు కావాలి? సినిమాలో ఆ తిట్టు పడగానే హాలంతా నవ్వుతుంటే మేమూ నవ్వాం. అది ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాసే అర్హత మాకు లేదు.

ఇప్పుడు చేతితో చేసిన బట్టకు మళ్లీ రోజులొచ్చాయంటున్నారు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా దర్జీ కార్మికులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మన లాంటి ఇళ్ల ఆడపిల్లలు. ఆ తర్వాతే "నా బట్ట ఎవరు చేశారు?" అనే ప్రశ్న దేశదేశాల్లో గట్టిగా లేచింది. ప్రపంచంలో తయారయ్యే పీచులో సగానికి పైగా పాలిస్టరే. నాలుగుసార్లు కట్టి పారేసే బట్టలు గుట్టలవుతున్నాయి. కాబట్టి నిదానంగా చేసిన బట్ట కొనండి, నాలుగేళ్లు కట్టండి, చిరిగితే కుట్టుకోండి అంటున్నారు. మా జేజికి ఈ మాట చెబితే నవ్వేది. ఆమె చీర చిరిగితే లంగా అయ్యేది, తర్వాత పిల్లల గుడ్డలయ్యేది, చివరికి బొంతలో చేరేది. ప్రవక్త (స) కూడా తన బట్ట తానే కుట్టుకునేవారని ఆయేషా (రజి) చెప్పారు కదా! లేనివాడి అలవాటు ఉన్నవాడికి ఫ్యాషనయింది. అయినా మాకు అభ్యంతరం లేదు. మంచి అలవాటు ఎవరికొచ్చినా మంచిదే.

ఆ బట్టల ప్రదర్శన ఒకటి హైదరాబాదులో జరుగుతుంటే వార్త కోసం పోయాం. ప్రతి బట్టకూ ఒక చీటీ కట్టి ఉంది. పత్తి పండించింది ఫలానా రైతు. నేసింది ఫలానా. రంగు అద్దింది ఫలానా. చదువుతుంటే ముచ్చటేసింది. ఏకింది ఎవరో ఏ చీటీలోనూ లేదు. తలెత్తితే గోడకు అలంకారంగా ఒక దూదేకుల విల్లు వేలాడుతోంది. అదేంటని అడిగాం. అక్కడున్న కుర్రాడు మర్యాదగానే చెప్పాడు.

"పాతకాలం సంగీత వాయిద్యం సార్."

ఆ అబ్బాయిది తప్పు కాదు. అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లం మేమే సిగ్గుపడి దాక్కున్నాం.

ఏకడం విలువ తెలిసినవాళ్లు లేకపోలేదు. హైదరాబాదుకే చెందిన ఉజ్రమ్మ గారు ముందు దస్త్‌కార్ ఆంధ్రలో చేనేత కోసం పనిచేశారు. తర్వాత మల్ఖా అనే బట్టకు పూనుకున్నారు. మల్‌మల్, ఖాదీ కలిపిన పేరది. ఆమె పట్టుకున్న ముడి సరిగ్గా మా పని దగ్గరే ఉంది. బ్రిటిషువాళ్లు పత్తిని ఓడలకెక్కించడానికి ప్రెస్సుల్లో అదిమి బేళ్లు కట్టించారు. మిల్లులో మళ్లీ ఆ బేళ్లు విప్పి చిత్తుగా బాదాలి. దూదిని రాయి చేసి, రాయిని మళ్లీ దూది చేయడమన్నమాట. ఆ బాదుడులో పీచు జీవం పోతుంది. ఆ బాదుడుకు తట్టుకోలేకే పొట్టి పీచు నాటు పత్తి పనికిరానిదయింది. మల్ఖాలో బేలు కట్టరు. పొలాలకు దగ్గరలోనే చిన్న యంత్రాల మీద మెత్తగా ఏకి, నూలు తీసి, చేతిమగ్గాల మీద నేయిస్తారు. గట్టిగా కొడితే పీచు తెగుతుందని మా తాత అన్నమాట ఇంజనీర్లు లెక్కలేసి మళ్లీ కనుక్కున్నారు.

విల్లు మళ్లీ భుజానికెత్తుకుంటామని మేం అనడంలేదు. ఆ ధూళి మా పిల్లలకు వద్దు. చేతిపని గొప్పదని పాటలు పాడేవాళ్లు ఆ చేతి వెనకున్న ఊపిరితిత్తులను కూడా చూడాలి. మేం అడిగేది పేరు. చీటీ మీద ఒక వరస. తిట్ల జాబితాలోంచి కొట్టివేత. నేతగాడికి, రంగుగాడికి ఇచ్చిన చోటులో ఏకినవాడికీ చోటు. మసీదులో అడుగుతున్నాం, ఖద్దరు దుకాణంలో అడుగుతున్నాం, పత్రికాఫీసులో కూడా అడుగుతున్నాం. ఆ చివరిది మాకు మేమే వేసుకున్న ప్రశ్న. ఇప్పుడు ఆ మాట కాపీలో వస్తే కొట్టేస్తున్నాం. ఎందుకు కొట్టేశారని అడిగితే, అది మా తాత వృత్తి పేరని చెబుతున్నాం.

ఆ ప్రదర్శనలోనే అమ్మకో చీర కొన్నాం. ఇంటికి తెస్తే ముందు రంగు చూడలేదు, ధర అడగలేదు. అంచు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపింది. అచ్చం జేజిలాగా.

"దూదే. బాగా ఏకారు. ఎవరంట?"

"మిషనమ్మా. చిన్న మిషను."

అమ్మ కాసేపు ఆ చీర ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

"పోనీలే. దానికి దగ్గు రాదు" అంది.